ఎఫ్‌టీపీ లాగిన్ అవుతోంది గానీ ఫోల్డర్లు రావట్లేదు, సైట్ ఎక్కించడం ఎలగండి?

పొందూరు_అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా మామ్మ రాట్నం వడుకుతాది, నాన్న మగ్గం మీద పంచెలు నేస్తారు. నాన్న నేసినవి కొనేవాళ్ళకి నేరుగా చూపించుకుందాం అని నేనే కూర్చొని చిన్న వెబ్‌సైట్ చేసాను, అయిదు పేజీలు, అన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలే, ల్యాప్‌టాప్‌లో తెరిస్తే చక్కగా వస్తోంది. దాన్ని ఎఫ్‌టీపీతో, అంటే నెట్‌లో ఫైళ్ళు పంపే పద్ధతితో, సర్వర్ మీదకి ఎక్కించే దగ్గరే ఆగిపోయాను, మూడు రోజులైంది.

సైట్‌ని వాళ్ళ సర్వర్ మీద ఉంచుకునే హోస్టింగ్‌కి ఏడాది డబ్బులు కట్టేసాం. వాళ్ళ మెయిల్లో సర్వర్ పేరు, ఐపీ నంబరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పోర్ట్ 21 అని ఉన్నాయి. యూట్యూబ్‌లో ఒక పాత వీడియోలో చూపించినట్టు ముందు క్రోమ్ అడ్రస్ బార్లో ఎఫ్‌టీపీ అడ్రస్ కొట్టి చూసాను, ఏటీ తెరుచుకోలేదు. తర్వాత ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, హోస్ట్ దగ్గర మా డొమైన్ పేరు పెడితే అసలు అడ్రసే దొరకట్లేదు అంటోంది, ఐపీ నంబరు పెడితే లాగిన్ అవుతోంది గానీ ఫోల్డర్ల లిస్టు దగ్గర 20 సెకన్లు ఆగి ఎర్రక్షరాల్లో టైమ్‌అవుట్ అని, డైరెక్టరీ లిస్టింగ్ రాలేదని వస్తోంది. నెట్ ఫోన్ హాట్‌స్పాట్‌ది. పాస్‌వర్డ్ తప్పయితే లాగిన్ అవ్వదు కదా, మరి ఇదేటో నాకు అర్థం కావట్లేదు.

ఇంకో మాట, ఇదంతా చేసిపెడతానని మొదట ఒకాయన డబ్బులు తీసుకున్నారు, డొమైన్ కొన్నారు, అంతే, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు గానీ ఆ డబ్బు ఎన్ని రోజుల నేతో నాకు తెలుసు. అందుకే ఎవరినీ పిలవకుండా నేనే నేర్చుకుందామని.

రాజాం_కుర్రోడు:
ఫైల్‌జిల్లాలో సైట్ మేనేజర్ తెరిచి ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్‌లో చూడండి, యాక్టివ్ అని ఉంటే పాసివ్ చేయండి. నూటికి తొంభై సార్లు ఇదే. క్రోమ్ సంగతి వదిలీండి, అందులోంచి 2021లోనే ఎఫ్‌టీపీ తీసేసారు, ఫైర్‌ఫాక్స్‌లో కూడా ఆ ఏడాదే తీసేసారు, ఆ వీడియో అంతకుముందుదయ్యుంటాది.

విజినారం_మాస్టారు:
అమ్మా, పై తమ్ముడు చెప్పింది కరెక్టే, అయితే ఎందుకలగో తెలిస్తే రేపు ఇంకోచోట ఆగిపోకుండా ఉంటావు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఎఫ్‌టీపీకి దారి ఒకటి కాదు, రెండు. షాపుకి ఫోన్ చేసి ఫలానా సరుకు పంపండి అని చెప్పడం ఒకటి, సరుకు ఆటోలో రావడం ఇంకోటి. లాగిన్, పాస్‌వర్డ్, 'లిస్టు చూపించు' లాంటి మాటలన్నీ పోర్ట్ 21 మీద, అంటే సర్వర్‌కి 21వ నంబరు గుమ్మం మీద నడుస్తాయి, అది నీకు బాగానే ఉంది, అందుకే లాగిన్ అయ్యావు. ఫోల్డర్ల లిస్టు గానీ ఫైళ్ళు గానీ రెండో దారిలో వస్తాయి. యాక్టివ్ మోడ్‌లో ఆ రెండో దారి వేసేది సర్వర్, అంటే తనే నీ కంప్యూటర్‌ని వెతుక్కుంటూ రావాలి. ఫోన్ నెట్‌లో ఒకే ఐపీ వెనకాల బోలెడుమంది ఉంటారు, వీధి మొత్తానికి ఒకటే డోర్ నంబరు వేసినట్టు, ఆటోవాడు వీధి మొదట్లో నిలబడి ఎవరిల్లో తెలీక వెళ్ళిపోతాడు, నీకు టైమ్‌అవుట్ వస్తాది. పాసివ్‌లో అయితే సర్వర్ 'నేనిక్కడ ఫలానా పోర్ట్ తెరిచి ఉంచాను' అంటాది, నువ్వే వెళ్ళి తెచ్చుకుంటావు. పాసివ్ పెట్టినా రాకపోతే మీ ల్యాప్‌టాప్ యాంటీవైరస్‌లో ఫైర్‌వాల్ ఒకసారి చూడు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఉత్త ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్తాది, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఈ పద్ధతి మొదటిసారి రాసి 1971 ఏప్రిల్‌లో బయటపెట్టింది మనవాడే, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎమ్‌ఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్, మా పిల్లలకి ల్యాబ్‌లో ఈ మాట చెప్తున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటాది. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నదే కొద్ది మంది, అందరూ తెలిసినవాళ్ళే, దొంగ భయం లేదు. ఇప్పుడలగ కాదు కదా. ఫిన్‌లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు కొట్టేస్తే 1995లో టాటు యులోనెన్ అనే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ అని, దారిలో ఎవరూ చదవలేకుండా తాళం వేసి పంపే పద్ధతి రాసాడు, ఎఫ్‌టీపీది 21, దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంటే అది అడిగి తీసుకున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లోంచి ఫైళ్ళు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది ఆ 22 మీదే, పేర్లు ఒకలగే ఉన్నా ఎఫ్‌టీపీకీ దీనికీ చుట్టరికం లేదు, అన్నిటికీ ఒకటే దారి కాబట్టి యాక్టివ్ పాసివ్ గొడవే ఉండదు.

ముందు మీ హోస్టింగ్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ ఇస్తారేమో అడుగు. చవక ప్లాన్లలో చాలామంది ఇవ్వరు, అప్పుడు పోర్ట్ 21 అలగే ఉంచి ఎన్‌క్రిప్షన్ దగ్గర 'ఎక్స్‌ప్లిసిట్ టీఎల్‌ఎస్ తప్పనిసరి' అన్నది ఎంచుకో, అది ఎఫ్‌టీపీకే తాళం వేసినట్టు. హోస్ట్ దగ్గర ఐపీ నంబరు కాకుండా మెయిల్లో ఇచ్చిన సర్వర్ పేరు పెట్టు, ఐపీ పెడితే సర్వర్ చూపించే గుర్తింపు సర్టిఫికెట్‌లో పేరు కలవట్లేదని హెచ్చరిక వస్తాది.

పలాస_కోడర్:
అయిదు పేజీల సైట్‌కి ఈ రోజుల్లో ఎఫ్‌టీపీ ఏటండీ, గిట్‌హబ్ వాళ్ళు సైట్లు ఉచితంగా ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేయండి, పైసా ఖర్చు లేదు, మార్చిన ప్రతిదీ చరిత్రలో ఉంటాది, తప్పు చేస్తే వెనక్కి వెళ్ళొచ్చు.

విజినారం_మాస్టారు:
ఆ మార్పుల చరిత్ర దాచే గిట్ నేర్చుకోమనడం మంచి సలహాయే తమ్ముడూ, తను ఎప్పటికైనా నేర్చుకోవాలి. కాకపోతే గిట్‌హబ్ పేజెస్‌ని వ్యాపారం నడిపే సైట్లకి ఉచిత హోస్టింగ్‌లాగ వాడుకోవద్దని వాళ్ళ నియమాల్లోనే రాసి ఉంది. వీళ్ళు పంచెలు అమ్ముకోవాలి, పైగా డబ్బులు కట్టేసారు.

పొందూరు_అమ్మాయి:
వచ్చేసాయండి! పాసివ్, సర్వర్ పేరు, టీఎల్‌ఎస్ మూడూ పెట్టాను, ఫోల్డర్లన్నీ కనిపించాయి. ఎస్‌ఎఫ్‌టీపీ మా ప్లాన్‌లో లేదన్నారు. హాట్‌స్పాట్ నెమ్మదిగా ఉందని సికాకుళంలో నా ఫ్రెండ్ వాళ్ళ అన్నయ్య నెట్ సెంటర్లో కూర్చొని ఫైళ్ళు, ఫోటోలు అన్నీ పంపేసాను. హోస్టింగ్ వాళ్ళు తాత్కాలిక లింకు ఒకటిచ్చారు, అది తెరిస్తే మాత్రం మా పేజీ రావట్లేదు, వాళ్ళ ఖాళీ పేజీయే వస్తోంది. లాగిన్ అవ్వగానే మెయిల్, లాగ్స్, టెంప్, పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అని ఏవేవో ఫోల్డర్లున్నాయి, నేను వాటి పక్కనే పడేసాను. అదే తప్పా?

బొబ్బిలి_అక్క:
అదే చెల్లీ. ఆ పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ లోపల ఉన్నదే లోకానికి కనబడుతాది, బయట పెట్టినవి నీకు తప్ప ఎవరికీ కనబడవు. అన్నీ అందులోకి లాగేయి. మొదటి పేజీ పేరు ఇండెక్స్ అని చిన్నక్షరాల్లోనే ఉండాలి. వాళ్ళు పెట్టిన ఖాళీ పేజీ అక్కడుంటే తీసేయి.

ఇంకొకటి నేను ముందే చెప్తున్నాను, ఎందుకంటే నేను ఒక రాత్రంతా దీనితో ఏడ్చాను. నీ ల్యాప్‌టాప్ విండోసే కదా, దానికి పెద్దక్షరాలు చిన్నక్షరాలు రెండూ ఒకటే. సర్వర్ చాలావరకు లైనక్స్ ఉంటాది, దానికి అవి రెండు వేరే ఫైళ్ళు. కెమెరా ఫోటో పేరు చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో పెడుతుంది, నువ్వు పేజీలో చిన్నక్షరాల్లో రాసుంటావు, ఇంట్లో బ్రహ్మాండంగా కనబడిన ఫోటో సర్వర్ మీద రాదు. మా ఊరి వీణల ఫోటోలు, గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి చేస్తున్నవి, నలభై ఎక్కించాను, ఒక్కటీ కనబడలేదు, నెట్ తప్పేమో సర్వర్ తప్పేమో అనుకొని తెల్లారేదాకా మళ్ళీ మళ్ళీ పంపాను. తప్పు పేర్లలో ఉంది. పేర్లన్నీ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకో.

పొందూరు_అమ్మాయి:
అక్కా మీరు చెప్పకపోతే నేనూ తెల్లార్లూ కూర్చునేదాన్ని. లోపలికి మార్చగానే పేజీ వచ్చింది, ఫోటోల్లో సగమే వచ్చాయి. రానివన్నీ చూస్తే పెద్దక్షరాల జేపీజీలే. మామ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న ఫోటో ఒకటుంది, ఆ దవడ పళ్ళు దగ్గరనుంచి దువ్వెనలాగ సన్నగా కనబడతాయి, మా సైట్‌లో అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఫోటో అదే, అదే రాలేదు. పేరు మార్చి మళ్ళీ పంపితే వచ్చేసింది. పత్తిలో గింజ పక్కన నలక కూడా కనబడుతోంది.

ఇంక డొమైన్ ఒక్కటే మిగిలింది. ఆ పేరు కొడితే ఏటీ రావట్లేదు.

విజినారం_మాస్టారు:
డొమైన్ కొన్నచోట నేమ్‌సర్వర్లు, అంటే ఆ పేరు కొడితే ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేవి, మీ హోస్టింగ్ వాళ్ళవి పెట్టలేదు, అంతే. పెట్టాలంటే ఆ అకౌంట్ మీ చేతిలో ఉండాలి. ముందు అది ఎవరి పేరు మీద, ఏ ఫోన్ నంబరు మీద ఉందో చూసుకో. ఆయన పేరు మీదే ఉంటే మాటలతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా అడిగి, డొమైన్ మీ చేతికి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకో. కొత్తగా కొన్న డాట్‌కామ్‌ని 60 రోజుల దాకా ఇంకో కంపెనీకి మార్చనివ్వరు, అయితే నేమ్‌సర్వర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఊళ్ళలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటున్నారు, షాపు మనది, బోర్డు ఇంకొకళ్ళది అయిపోతోంది, నాకు ఇది చూస్తే చాలా బాధగా ఉంటాది.

పొందూరు_అమ్మాయి:
మాస్టారూ, ఆయన కొన్నప్పుడు నాన్న నంబరే ఇచ్చారంట! పాస్‌వర్డ్ మర్చిపోయాం అని నొక్కితే ఓటీపీ నాన్న ఫోన్‌కే వచ్చింది. పేరు కూడా నాన్నదే ఉంది. నేమ్‌సర్వర్లు రెండూ మార్చాను. సాయంత్రానికి నాన్న ఫోన్లో మా సైట్ తెరుచుకుంది, విశాఖలో మావయ్య ఫోన్లో ఇంకా రావట్లేదంట, ఏటైనా తప్పు చేసానా?

రాజాం_కుర్రోడు:
తప్పేటీ లేదు. ఆయన నెట్ కంపెనీ మీ డొమైన్ ఎక్కడుందన్నదానికి పాత సమాధానం దాచుకుని ఉంటాది, గడువు అయ్యాక కొత్తది తెచ్చుకుంటాది. రేపటికి చూడమనండి.

బొబ్బిలి_అక్క:
చెల్లీ, నెట్ సెంటర్ కంప్యూటర్లో సైట్ మేనేజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేసావా?

పొందూరు_అమ్మాయి:
చేసానక్కా, మళ్ళీ మళ్ళీ కొట్టలేక. ఆదివారం మళ్ళీ సికాకుళం వెళ్తాను, అప్పుడు తీసేస్తాను.

బొబ్బిలి_అక్క:
ఆదివారం దాకా ఆగకు. ఆ కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు, ఇప్పుడే ఇంట్లోంచి హోస్టింగ్ ప్యానెల్‌లోకి వెళ్ళి ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మార్చేయి, అక్కడున్న పాతది పనికిరాకుండా పోతాది. మార్చాక ఇక్కడ చెప్పు.

పొందూరు_అమ్మాయి:
మార్చేసాను అక్కా. పాత పాస్‌వర్డ్‌తో ఒకసారి కనెక్ట్ చేసి చూసాను కూడా, 530 అని, అంటే లాగిన్ కుదరదని వచ్చి లోపలికి పోనివ్వలేదు.