భర్తను కోల్పోయిన సోదరికి ఆదరణ కూడిక తరువాత ఎలా తోడుగా ఉండాలి?

ప్రశ్న (స్త్రీల సమాజ సభ్యురాలు, నల్గొండ జిల్లా)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా సంఘంలోని ఒక సోదరి భర్త రెండు నెలల క్రితం గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారు. పిల్లలిద్దరూ ఇంకా బడికి వెళ్లే వయసువారే. భూస్థాపన నాడూ, తరువాత కుటుంబాన్ని ఓదార్చడానికి జరిపిన ఆదరణ కూడిక నాడూ సంఘమంతా ఆ ఇంట్లోనే ఉంది. ఆ తరువాత ఎవరి పనుల్లో వారు పడిపోయాము. ఇప్పుడు ఆమె ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చి, ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోతున్నారు. ఆమె ఇంటికి వెళ్లాలని మాలో చాలామందికి ఉన్నా, వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతున్నాము. వాక్యం చదివి ప్రార్థన చేసి రావడం కాక ఇంకేం చేయగలమో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత సంఘకాపరి)

అమ్మా, ఏం మాట్లాడాలన్న బెంగ వద్దు. పిల్లలనూ ఆస్తినీ కోల్పోయిన యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాటా పలకలేదు; వారు చేసిన మేలు అదే, నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకే అతనికి భారమయ్యారు. "దేవుడు మంచివారినే ముందు పిలుచుకుంటాడు", "విశ్వాసులం, మనం ఏడవకూడదు" అనే మాటలు దయచేసి అనకండి. పౌలు థెస్సలొనీకయులకు రాసింది నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దనే గాని, అసలు దుఃఖపడవద్దని కాదు. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని ఎరిగి కూడా ప్రభువు అతని సమాధికి చేరకముందే కన్నీళ్లు విడిచాడు. వాక్యం చదివేటప్పుడు ఆమె వినగలిగినదే చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలయ్యే 13వ కీర్తన, తన మనసులోని ప్రశ్న దేవుని గ్రంథంలోనే ఉందని ఆమెకు తెలియజేస్తుంది. చనిపోయిన ఆమె భర్త పేరు ఎత్తడానికి మాత్రం భయపడకండి. ఆయన సంఘానికి చేసిన పనులను పిల్లల ముందే తలచుకోండి. యొప్పే పట్టణంలో మేలు చేస్తూ బ్రతికిన దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురుకు చూపించి ఏడ్చారు కదా.

సమాధానం (భర్తను కోల్పోయిన ఒక సోదరి)

అయ్యగారు చెప్పినదంతా నిజమే, అయితే ఊరికే కూర్చుని వస్తే చాలదని నా అభిప్రాయం. "ఏ అవసరమున్నా చెప్పండి" అని ప్రేమతోనే అంటారు, కానీ అడగడానికి నోరు రాదు. దానికి బదులు "బుధవారం సాయంత్రం కూర వండి తెస్తాను", "పిల్లల ఫీజు కట్టడానికి నేను మీతో వస్తాను" అని చెప్పి, చెప్పినట్టే చేయండి. దీపాలు పెట్టే వేళ, పెళ్లిరోజు, మొదటి క్రిస్మస్ చాలా కష్టంగా గడుస్తాయి. ఆ తేదీలను మీ సమాజం పుస్తకంలో రాసి పెట్టుకోండి. చనిపోయినవారిని తలచుకునే సమాధుల పండుగ నాడు, నవంబరు 2న, సమాధుల దగ్గరకు ఆమెను ఒంటరిగా వెళ్లనివ్వకండి.

ఇంకొక మాట గట్టిగానే చెబుతున్నాను. క్రైస్తవ కుటుంబాల్లో కూడా భర్త పోయిన స్త్రీ గాజులు, పూలు తీయించడం, పెళ్లిళ్లలో ఆమెను వెనక్కి ఉండమనడం ఇంకా జరుగుతోంది. వాక్యంలో దీనికి ఏ ఆధారమూ లేదు. రాబోయే పెళ్లికి ఆమెను మీరే వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టండి, పాట పాడమని అడగండి. బంధువులు ఎవరైనా అభ్యంతరం చెబితే, సమాధానం చెప్పే బాధ్యత ఆమె మీద వేయకుండా స్త్రీల సమాజమే తీసుకోవాలి.

సమాధానం (సంఘ కార్యదర్శి)

దుఃఖంలో ఉన్నవారికి కాగితాల పని కొండంత బరువు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆ గడువు దాటినా ఆలస్య రుసుముతో చేయించవచ్చు. ధ్రువపత్రం చేతికొచ్చాకే బ్యాంకు ఖాతా, బీమా, వితంతు పింఛను పనులు ముందుకు సాగుతాయి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమై, సంపాదించే వ్యక్తి 18 నుండి 59 ఏళ్ల మధ్య మరణిస్తే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకసారి 20,000 రూపాయలు వస్తాయి. మండల కార్యాలయంలో విచారించండి. కార్యాలయాలకు తిరగడం తెలిసిన సోదరి ఒకరు, దంపతులు ఒక జంట ఆమెకు తోడు వెళితే మంచిది. కూడిక భోజనాలకు చేసిన అప్పు ఏమైనా ఉందేమో మెల్లగా కనుక్కుని, సంఘం తీర్చగలిగితే తీర్చాలి, కానీ ఆ సంగతి వేదిక మీద ప్రకటించకూడదు. ఆమె నిద్రాహారాలు మాని, బ్రతకాలని లేదని అంటుంటే, ప్రార్థనతోపాటు ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.