సిస్‌ప్లాటిన్ ఐసీ50 ప్రతిసారీ మారిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

తార్నాక స్కాలర్:
హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది. మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి వచ్చిన ఏ549 సెల్స్ మీద సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఏ డోసులో ఎంత పనిచేస్తుందో చూడాలి. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్, వెల్‌కి 5 వేల సెల్స్, 48 గంటలు మందు, తర్వాత ఎంటీటీ, అంటే బతికున్న సెల్స్ ఊదా రంగు ఇచ్చే పరీక్ష. మొదటిసారి ఐసీ50, అంటే ఆ రంగుని సగానికి తగ్గించే డోసు, 12 మైక్రోమోలార్ వచ్చింది. రెండు వారాలకి 31. మొన్న శుక్రవారం 70 వేసినా సగం సెల్స్ కూడా చావలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే, గుండ్రంగా ముడుచుకుని తేలిపోవాల్సిన సెల్స్ మందు వేయని కంట్రోల్‌లో లాగే అడుక్కి అతుక్కుని పరుచుకుని ఉన్నాయి.

పొడిని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపి 10 మిల్లీమోలార్ స్టాక్ (చిక్కటి ద్రావణం) చేశాను. మైనస్ 20లో పెట్టి, ప్రతిసారీ అదే ట్యూబ్ కరిగించి వాడుతున్నాను. మా దగ్గర అన్ని మందులకీ ఇదే పద్ధతి. సెల్స్ మందుకి లొంగకుండా రెసిస్టెంట్ అయిపోయాయని సీనియర్లు అంటున్నారు. సోమవారం గైడ్‌కి డేటా చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. రోజూ చివరి మెట్రోకే ఇంటికి వెళ్తున్నాను.

ప్లాటినం అక్క:
అమ్మా, సెల్స్‌ని అనుమానించకు. స్టాక్ పారబోసెయ్. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినంకి రెండు క్లోరైడ్లు పట్టుకుని ఉంటాయి. సెల్ లోపల క్లోరైడ్ తక్కువ కాబట్టి అక్కడికి వెళ్లాక అవి ఊడి, ఆ చోట్లోకి నీళ్లు వస్తాయి. అప్పుడే అది డీఎన్ఏలోని గ్వానిన్ అనే భాగాన్ని పట్టుకోగలదు. నువ్వేమో డీఎంఎస్‌ఓలో కలిపావు. దానిలోని సల్ఫర్‌కి ప్లాటినం అంటే మహా ఇష్టం, క్లోరైడ్‌ని తోసేసి ట్యూబ్‌లోనే కూర్చుంటుంది. సెల్స్ దాకా వెళ్లేది వేరే పదార్థం. స్టాక్ పాతబడేకొద్దీ నీ అంకె పెరగడం చూడు.

0.9 శాతం సెలైన్‌లో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము కలుపు, అది 3.3 మిల్లీమోలార్ అవుతుంది. వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టు. ఫ్రిజ్‌లో పెట్టకు, పసుప్పచ్చని స్ఫటికాలు అడుగున దిగిపోతాయి. ఏ రోజుది ఆ రోజే చేసుకో. కంట్రోల్ వెల్స్‌లో కూడా అంతే సెలైన్ పడాలి. డీఎంఎస్‌ఓని చివర్లో ఫార్మజాన్, అంటే ఎంటీటీలో వచ్చే ఆ ఊదా పదార్థం, కరిగించడానికి మాత్రం ఉంచు.

సికింద్రాబాద్ వాసి:
అక్క చెప్పింది నిజం. ఇంకోటి, అంచు వెల్స్ 36లోనూ సెల్స్ వేస్తున్నారా? ఆ అంచుల్లో మీడియం ఆవిరైపోయి డోసు మారిపోతుంది. వాటిలో పీబీఎస్ (ఉప్పు బఫర్ నీళ్లు) పోసి లోపలి 60 వాడండి. సెల్స్‌లో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా చేరిందేమో పీసీఆర్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి.

తార్నాక స్కాలర్:
అక్కా, ఒకే ప్లేట్‌లో పాత స్టాక్ మూడు వరసలు, అప్పటికప్పుడు సెలైన్‌లో చేసింది మూడు వరసలు వేసి 48 గంటలు ఉంచాను. ఇందాకే 570 నానోమీటర్ల కాంతిలో రంగు రీడ్ చేశాను. పాత వరసలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ముదురు ఊదా. కొత్తవి 10 మైక్రోమోలార్ దాటగానే లేతబడి, 40 దగ్గర దాదాపు తెల్లగా ఉన్నాయి.

మా పెద్దమ్మకి ఇదే మందు సెలైన్ బాటిల్‌లో కలిపి ఎక్కించేవాళ్లు. చుక్కలు లెక్కపెడుతూ పక్కనే కూర్చునేదాన్ని. స్టాక్ చేసేటప్పుడైనా అది నాకు తట్టలేదు. ఆమె కోసమే ఈ సబ్జెక్ట్ తీసుకున్నాను.

రేపు, ఎల్లుండి ఇదే ప్లేట్ మళ్లీ వేస్తాను. మూడు రిపీట్లు దగ్గరగా వస్తేనే గైడ్‌కి చూపిస్తాను. డీఎంఎస్‌ఓ సంగతి మా ఫ్రీజర్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.