మోటారు గుయ్ మంటోంది గానీ తిరగట్లేదు, ఏటి చెయ్యాలి?

ఎంవీపీ_థర్డ్‌ఫ్లోర్: సంపులోంచి ట్యాంకుకి ఎక్కించే 1 హెచ్‌పీ మోటారు అండి, సింగిల్ ఫేజ్. రాత్రి దాకా బానే ఉంది, పొద్దున్న స్విచ్ వేస్తే గుయ్ అని సౌండు తప్ప తిరగట్లేదు, కాసేపటికి ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే స్విచ్) పడిపోతోంది. మెకానిక్ ఫోన్లోనే వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) పోయింది రీవైండింగ్ చేయించాలి అనేశాడు. నిజమేనా?

గాజువాక_వైండర్: చూడకుండా ఎలా చెప్పేశాడు గురూ. వైండింగ్ కాలితే మాడిన వార్నిష్ వాసన కొట్టేస్తది. ముందు మెయిన్ ఆపి, వెనక ఫ్యాన్ కవరు విప్పి ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. పట్టేసినట్టుంటే బేరింగో, నీళ్లు తోసే ఇంపెల్లర్లో ఇసకో. ఫ్రీగా తిరిగితే ముందు కండెన్సర్ (మోటారుకి తగిలించిన, ఛార్జ్ దాచుకునే చిన్న డబ్బా) మార్చి చూడండి. అప్పటిదాకా స్విచ్ మళ్లీ మళ్లీ వెయ్యొద్దు, తిరగకుండా ఆగిపోయిన మోటారు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుద్ది, అప్పుడు నిజంగానే కాలుద్ది.

కంచరపాలెం_కుర్రోడు: కరెంటు వస్తోంది కదా, మరి కండెన్సర్ పోతే తిరగడానికి ఏటి ప్రాబ్లం?

డిప్లొమా_ఈఈఈ: మంచి డౌటే. ఈ మోటార్లలో రోటర్‌కి, అంటే లోపల తిరిగే భాగానికి, అసలు వైరే వెళ్లదు తమ్ముడూ. బయట కదలకుండా ఉండే స్టేటర్ చుట్లలో కరెంటు వెళ్తే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది తిరుగుతుంటే రోటర్లో ఉన్న అల్యూమినియం కడ్డీల్లో దానంతటదే కరెంటు పుట్టి, రోటర్ ఆ క్షేత్రం వెనకాల పరిగెడుతుంది. ఎప్పటికీ పూర్తిగా అందుకోదు, అందుకే 50 హెర్ట్జ్ మీద రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) మోటారు నిమిషానికి 3000 సార్లు తిరగాల్సింది నేమ్‌ప్లేట్ మీద 2880 అలా రాసుంటుంది. అందుకుంటే కడ్డీల్లో కరెంటే పుట్టదు, తిప్పే బలమే ఉండదు. త్రీ ఫేజ్‌లో క్షేత్రం దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. సింగిల్ ఫేజ్‌లో మాత్రం ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుందంతే, ఎటు తిరగాలో రోటర్‌కి తెలీక నిలబడి గుయ్ అంటుంది. అందుకని రెండో వైండింగ్ పెట్టి దానికి కండెన్సర్ తగిలిస్తారు, అందులో కరెంటు కాస్త ముందుకి జరిగి రెండూ కలిసి క్షేత్రాన్ని తిప్పుతాయి. కండెన్సర్ పోయిన సీలింగ్ ఫ్యాన్‌ని కర్రతో ఎటు నెడితే అటు తిరుగుతుంది చూడు, కారణం ఇదే. మోటారుకి మాత్రం కరెంటు ఉండగా ఇది ట్రై చెయ్యకండి బాబూ.

లాసన్స్‌బే_పిన్ని: మా వైపు ఇంకో గోల ఉంది, సముద్రం గాలి. టెర్మినల్ బాక్స్ మూత తీస్తే ఇత్తడి స్క్రూలన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టేసి, ఒక వైరు చివర నల్లగా మాడిపోయి ఉంది. ఎమరీ పేపరుతో రుద్ది బిగించాక లేచింది, కండెన్సర్ బానే ఉంది.

డిప్లొమా_ఈఈఈ: కరెక్ట్ పిన్నిగారూ, కాంటాక్ట్ లూజైతే వోల్టేజీ అక్కడే పడిపోతుంది. 230కి 180 వస్తే తిప్పే బలం సుమారు ఐదో వంతు తగ్గుతుందనుకుంటాం, కానీ అది వోల్టేజీ స్క్వేర్‌తో పడిపోతుంది, అంటే సుమారు 60 శాతమే మిగులుద్ది.

కంచరపాలెం_కుర్రోడు: మిక్సీకి కండెన్సర్‌తో పనిలేదుగా, అదెలా లేస్తాది?

గాజువాక_వైండర్: అది వేరే రకం. దాంట్లో రోటర్‌కి కార్బన్ బ్రష్‌ల మీంచి కరెంటు ఎక్కుద్ది, అందుకే లోపల నిప్పురవ్వలు కనిపిస్తాయి, అంత స్పీడూ అంత గోలా.

ఎంవీపీ_థర్డ్‌ఫ్లోర్: ఫ్యాన్ చేత్తో ఫ్రీగానే తిరిగిందండి. కండెన్సర్ చూస్తే అడుగు ఉబ్బిపోయి పక్కన జిడ్డు కారి ఉంది. ఏది తెచ్చుకోవాలి?

గాజువాక_వైండర్: ఇంకేం, దొంగ దొరికేశాడు. ముట్టుకునే ముందు దాని రెండు కాళ్లూ ఓ బల్బు వైర్లకి తాకించి ఛార్జ్ దించెయ్యండి, స్విచ్ ఆపినా కొట్టేస్తది. పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్లే (కండెన్సర్ సైజు కొలత) కొత్తదాని మీదా ఉండాలి, ఎక్కువ పెడితే బలం వస్తదని షాపోడు చెప్పినా వినకండి, రెండో వైండింగ్ వేడెక్కిపోద్ది. వోల్టేజీ 440 రాసుంటే 440దే తీసుకోండి.