గ్రానైట్ దుమ్ము పట్టిన కంప్యూటర్‌ను మనమే శుభ్రం చేసుకోవచ్చా?

మామిడితోపు (చిత్తూరు):
మా జెరాక్స్ దుకాణం చిత్తూరు శివార్లలో ఉంది. పక్క సందులోనే గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్. తలుపులు మూసి ఉంచినా సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయగలిగేంత తెల్లపొడి పేరుకుంటుంది. బల్ల కింద నేల మీద పెట్టిన పాత డెస్క్‌టాప్ ఈమధ్య మధ్యాహ్నం పూట పని నడుస్తుండగానే ఆగిపోతోంది. ఆగే ముందు లోపలి ఫ్యాన్ మోత పెరుగుతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. బయాస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెరలో) చూస్తే ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు దాటింది. పంక్చర్ షాపులో గాలి కొట్టిద్దామని మా మరిది అంటున్నాడు. కాలేజీ దరఖాస్తులన్నీ ఇందులోనే నింపాలి. పాడుచేయకుండా దుమ్ము తీసే పద్ధతి ఎవరైనా చెబుతారా?

నీవానది:
వాక్యూమ్ క్లీనర్ ఉంటే మూత తీసి పీల్చేయండి. మా ఇంట్లో అలాగే చేస్తాం, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

కోనేటిగట్టు (తిరుపతి):
అమ్మా, ఆ రెండూ వద్దు. తిరుపతిలో కంప్యూటర్ల మరమ్మతే నా జీవనోపాధి. పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, గాలితోపాటు ఆ తడి, నూనె తుంపర కూడా లోపల చిప్పులుండే బోర్డు మీద పడతాయి. వాక్యూమ్ గొట్టం ప్లాస్టిక్‌ది. దుమ్ము రాసుకుంటూ పోయేకొద్దీ దానిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. మన వేలికి చురుక్కుమనాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి, కొన్ని చిప్పులు దెబ్బతినడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అందుకే ‘ఏమీ కాలేదు’ అన్న మాటను నేను నమ్మను. నేల ఊడ్చడానికి, డబ్బా పైభాగానికి వాక్యూమ్ వాడుకోండి, లోపలికి మాత్రం వద్దు.

ముందు షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క మూత విప్పి, ఏ భాగాన్నైనా ముట్టుకునే ముందు డబ్బా లోపలి రంగు వేయని ఇనుమును తాకండి.

ఇక అసలు విషయం. మీ యంత్రం ఆగిపోతున్నది బోర్డు మీద కనిపించే దుమ్ము వల్ల కాకపోవచ్చు. ప్రాసెసర్ మీద అల్యూమినియం రెక్కల దిమ్మె, అంటే హీట్ సింక్, దానిపై ఫ్యాన్ ఉంటాయి. ఫ్యాన్ కిందికి గాలి తోసినప్పుడు దుమ్మంతా ఆ రెక్కల పైఅంచున ఆగి, కంబళి ముక్కలా అల్లుకుపోతుంది. పైనుంచి గాలి కొడితే అది ఇంకా లోపలికి దిగబడుతుంది. చాలామంది ఇక్కడే ఆపేసి, శుభ్రం చేసినా వేడి తగ్గలేదంటారు. ఫ్యాన్‌ను ఒక్కదాన్నే విప్పండి. కొన్నింటికి నాలుగు స్క్రూలు, కొన్నింటికి ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. ఆ పొరను వేళ్లతోనే ఎత్తి తీసి, మిగిలినదాన్ని మెత్తని రంగుల కుంచెతో రెక్కల వెంట దులపండి. దిమ్మెను మాత్రం కదిలించకండి. అది లేస్తే కింద ఉన్న థర్మల్ పేస్టు, అంటే ప్రాసెసర్ వేడిని దిమ్మెకు అందించే ముద్ద, తుడిచి కొత్తది వేయాలి. ఇంట్లో పేస్టు లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు.

గాలి కొట్టాలంటే చిన్న కరెంటు బ్లోయర్ చాలు, అడుగు దూరం నుంచి కొట్టండి. ప్రతి ఫ్యాన్ రెక్కనూ వేలితో ఆపి పట్టుకోవాలి. ఆపకపోతే ఫ్యాన్ హద్దు దాటిన వేగంతో తిరిగి బేరింగ్ చెడుతుంది, డైనమోలాగే కరెంటు పుట్టి బోర్డులోకి వెళ్లవచ్చు.

దుకాణంలో సాంబ్రాణి వేస్తారా? లాడ్జీల రిసెప్షన్ నుంచి నా దగ్గరికి వచ్చే యంత్రాల్లో ఆ పొగమసి దుమ్మును జిగురుగా పట్టి ఉంచుతుంది. అలాంటప్పుడు విప్పిన ఫ్యాన్ రెక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. నీళ్లు, అద్దాలు తుడిచే ద్రవాలు వద్దు.

పవర్ సప్లై పెట్టెను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. 230 వోల్టుల కరెంటును మార్చే క్రమంలో అందులోని కెపాసిటర్లలో, అంటే కరెంటును నిల్వ ఉంచే భాగాల్లో, 325 వోల్టుల దాకా నిలుస్తుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉండవచ్చు. బయటి జాలీ నుంచి మెల్లగా ఊదితే చాలు.

ఆ తర్వాత యంత్రాన్ని నేల మీద నుంచి ఎత్తి పెట్టండి. ఈశాన్య రుతుపవనాల వానలకు ముందు మరోసారి చూడండి. తేమ పీల్చిన దుమ్ము బోర్డు మీద ఉండటం మంచిది కాదు.

గడ్డపార:
ఇంకొక్క మాట. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు అది చాలా చెడ్డది. దుకాణం లోపల ఊదవద్దు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి, మంచి మాస్కు కట్టుకుని చేయండి. వైరు పీకే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి, డబ్బా ముందువైపు బటన్ల సన్న వైర్లు ఏది ఎక్కడిదో గుర్తుండదు.

మామిడితోపు:
అందరికీ ధన్యవాదాలు. ఫ్యాన్ విప్పితే మీరు చెప్పినట్టే రెక్కల మీద తెల్లటి మందపాటి పొర, ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఇప్పుడు బయాస్‌లో వేడి 50 దగ్గర ఉంటోంది, నిన్న మధ్యాహ్నమంతా ఆగలేదు. కానీ వెనుక పవర్ సప్లై నుంచి గరగర శబ్దం మాత్రం పోలేదు.

కోనేటిగట్టు:
గ్రానైట్ రేణువులు గట్టివమ్మా, ఆ ఫ్యాన్ బేరింగ్ అరిగి ఉంటుంది. నూనె వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, సప్లైనే మార్చండి. పాతదాని మీద రాసిన వాట్లకు తగ్గకుండా, బోర్డుకు వెళ్లే 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల వైరు సరిపోయేలా చూసి కొనండి. కొత్తది వచ్చేదాకా రాత్రిళ్లు ఆన్‌లో వదిలి వెళ్లకండి, దరఖాస్తుల ఫైళ్లు మాత్రం ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.