అండర్-14 మ్యాచ్‌లో నాన్‌స్ట్రైకర్ ముందే పరుగెడుతుంటే రనౌట్ చేయించాలా?

గుంటూరులో అండర్-14 కుర్రాళ్ల జట్టు. 20 ఓవర్ల మ్యాచ్‌లు, మ్యాటింగ్ పిచ్, రీప్లేలు ఉండవు. చివరి ఓవర్లలో అవతలి నాన్‌స్ట్రైకర్లు (బౌలర్ వైపు నిలబడే బ్యాటర్లు) బౌలర్ చెయ్యి పైకి లేవకముందే మూడడుగులు క్రీజు దాటేస్తున్నారు. ఒక్క పరుగొచ్చే చోట రెండు తీస్తున్నారు.

సందేహం రూల్ మీద కాదు. ఇలా ముందే క్రీజు దాటినవాళ్లని బౌలర్ ఔట్ చేయడం 2022 అక్టోబరు 1 నుంచి మామూలు రనౌట్ కిందే, క్రికెట్ 38వ నిబంధనలోనే ఉంది. ముందుగా హెచ్చరించాలన్న షరతూ లేదు. అదే ఏడాది లార్డ్స్‌లో భారత బౌలర్ దీప్తి శర్మ ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ని ఇలాగే రనౌట్ చేసింది; అది కూడా తప్పు కాదు.

టాస్ దగ్గరే అవతలి కెప్టెన్‌కి చెప్పించాం. కాసేపు ఆగి మళ్లీ మొదలెట్టారు. అంపైర్‌ని అడిగితే "అప్పీల్ చేస్తే చూస్తా" అన్నారు, ఆయన చెప్పిందీ న్యాయమే. బౌలర్‌ని ఆగి, బెయిల్స్ పడగొట్టకుండా హెచ్చరించమన్నాం. ఆ బంతి లెక్కలోకి రాదు గానీ, రనప్ లయ చెదిరి తర్వాతి బంతి వైడ్ పోతోంది. నెట్స్‌లో రనౌట్ చేయడమే నేర్పిస్తే చెయ్యి పూర్తిగా తిప్పాక వెనక్కి తిరుగుతున్నారు; బంతి వదలాల్సిన క్షణం దాటాక కొడితే నాటౌట్. తల్లిదండ్రుల్లో సగం మంది గెలవాలి కదా అంటారు, మిగతా సగం పిల్లలకి నేర్పేది ఇదా అంటారు.

ఇక మిగిలింది ఒకటే. తర్వాతి బంతి ఆటలోకి వచ్చేలోపు, అంపైర్ ఒప్పుకుంటే, కెప్టెన్ అప్పీల్ వెనక్కి తీసుకోవచ్చు.

పిల్లల జట్లు నడిపేవాళ్లు చెప్పండి: మొదటిసారే వికెట్ తీసుకోమంటున్నారా, మొదటి అప్పీల్ వెనక్కి తీసుకోమంటున్నారా?