కాలింగ్‌వుడ్ మెడల్ వద్దనడం కరెక్టేనా?

సముద్రం_సూరి:
1805 ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ పోయాక ఫ్లీట్‌ని చేతిలోకి తీసుకున్న కాలింగ్‌వుడ్ గురించి అందరికీ తెలిసిందే, కానీ ఆయన కెరీర్‌లో నాకు బాగా నచ్చిన ముక్క అంతకు ముందుది. 1794 జూన్ 1న ఫ్రెంచ్ వాళ్లతో పెద్ద యుద్ధం, ఈయన బార్‌ఫ్లర్ ఓడ కెప్టెన్. అదే ఓడలో ఉన్న రియర్ అడ్మిరల్ బౌయర్‌కి కాలు పోతే ఆ తర్వాత ఓడ భారం అంతా ఈయన మీదే పడింది. తీరా ఆ ఫ్లీట్‌కి పెద్ద అయిన అడ్మిరల్ హౌ, బాగా పోరాడినవాళ్లని రాసి పంపిన లిస్టులో ఈయన పేరు లేదు, పేరు లేదు కాబట్టి గోల్డ్ మెడల్ లేదు. 1797లో కేప్ సెయింట్ విన్సెంట్ దగ్గర ఎక్సలెంట్ ఓడతో ఇరగదీశాడు, అప్పుడు మెడల్ ఇస్తామన్నారు. ఇది తీసుకుంటే అప్పటి అన్యాయం న్యాయమేనని నేనే ఒప్పుకున్నట్టు అని కుదరదన్నాడు. చివరికి రెండూ పంపారు. మగాడంటే అదీ!

లెక్కల_మాస్టారు:
సూరిగారూ, ఆయన వద్దనలేదు. పాతది ఇస్తేనే కొత్తది తీసుకుంటానన్నాడు. దాన్ని షరతు అంటారు. యుద్ధం నడుస్తుండగా ఆఫీసర్ షరతులు పెట్టొచ్చా?

సముద్రం_సూరి:
ఆ మాట ఆయన చెప్పింది సొంత అడ్మిరల్ జెర్విస్‌కి. నువ్వు ఇలాగే అంటావని అనుకున్నానన్నాడు జెర్విస్. పై ఆఫీసరుకే లేని బాధ మీకెందుకండీ?

నల్లగొండ_నవీన్:
షురూ అయింది 😀

లెక్కల_మాస్టారు:
జెర్విస్ మెచ్చుకుంటే షరతు కాకుండా పోతుందా? హౌ సంగతి కూడా చూడండి. 68 ఏళ్ల పెద్దమనిషి. విడిగా పేర్లు రాయడం ఆయనకే ఇష్టం లేదు, అడ్మిరల్టీ (నేవీని నడిపే ఆఫీసు) వాళ్లు పట్టుబట్టి అడిగితే రాసిచ్చాడు. మెడల్స్‌కి ఆ లిస్టునే కొలబద్ద చేసింది వాళ్లు. తిట్టేది మాత్రం రాసినవాణ్ణి.

వైజాగ్_చిన్నోడు:
మన విశాఖ రేవులోనే 1804 సెప్టెంబర్‌లో యుద్ధం జరిగింది తెలుసా ఎవరికైనా? సెంచూరియన్ అని 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ, ఎదురుగా ఫ్రెంచ్ అడ్మిరల్ లినోయ్ 74 ఫిరంగుల మరెంగో, పైగా రెండు ఫ్రిగేట్లు (కాస్త చిన్న యుద్ధనౌకలు). కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉంటే లెఫ్టినెంట్ ఫిలిప్స్ మొదలెట్టాడు ఫైటు, కెప్టెన్ మధ్యలో వచ్చి ఎక్కాడు. దానికి గుర్తింపు వచ్చింది 1847లో, పాత యుద్ధాలన్నిటికీ కలిపి పెట్టిన మెడల్ మీద యుద్ధం పేరున్న పట్టీగా, అదీ అప్పటికి బతికుండి అప్లై చేసుకున్నోళ్లకే. లిస్టులో పేరు లేదని మూడేళ్లకే ఏడుస్తున్నారు మీరు, వీళ్లు 43 ఏళ్లు ఆగారు.

సముద్రం_సూరి:
చిన్నోడా, ఆగడం వేరు, లిస్టులో లేకపోవడం వేరు. మా ఆఫీసులో ఒక ప్రాజెక్టుకి రాత్రీ పగలూ నేనే చచ్చాను, మేనేజర్ పైకి పంపిన మెయిల్లో నా పేరు లేదు, నా పక్క సీటోడిది ఉంది. తర్వాతేడు పిలిచి షీల్డు ఇస్తే నోరు మూసుకుని పుచ్చుకున్నా, ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాలింగ్‌వుడ్ లాగా అనుండాల్సింది. అప్పట్లో కూడా హౌ లిస్టు వెనక ఆయన దగ్గర ముఖ్య సహాయకుడిగా ఉన్న కెప్టెన్ కర్టిస్ చెయ్యుందని చాలామంది కెప్టెన్లు అనుకున్నారు, ఊరికే అనుకోరు కదా. మాస్టారూ, మీరు ఎప్పుడైనా లిస్టులో లేకుండా ఉండి చూశారా అసలు?

లెక్కల_మాస్టారు:
నేను లిస్టులు రాసినవాణ్ణి బాబూ. రిటైరయ్యేదాకా అదే సీటు. పైనుంచి ముగ్గురి పేర్లే పంపమంటారు, పనిచేసినవాళ్లు ఇరవై మంది. ఎవర్ని వదిలేసినా కర్టిస్‌ని నేనే. మీ మేనేజర్ కూడా పాపం

సముద్రం_సూరి:
అదీ సంగతి! పొద్దుట్నుంచి హౌని ఎందుకు వెనకేసుకొస్తున్నారో ఇప్పుడర్థమైంది!!

రమణి_గుంటూరు:
ఇద్దరూ కాస్త ఆగండి. కెప్టెన్ల బంగారం తప్ప ఇంకేం కనపడదా మీకు? ట్రఫాల్గర్‌లో మందుగుండు మోసినోళ్లకి ప్రభుత్వం అప్పుడు ఏ మెడలూ ఇవ్వలేదు, బౌల్టన్ అనే ఫ్యాక్టరీ ఓనర్ సొంత ఖర్చుతో తగరం బిళ్లలు చేయించి పంచాడు. చిన్నోడు చెప్పిన 1847 మెడల్‌కి జేన్ టౌన్‌షెండ్ అనే ఆవిడ, ట్రఫాల్గర్‌లో డిఫయన్స్ ఓడలో ఉన్న మనిషి, అప్లై చేస్తే కాదన్నారు, ఈవిడకిస్తే ఇంకెంతమంది ఆడవాళ్లు వస్తారోనని. అదే జూన్ 1 యుద్ధం టైంలో ట్రెమెండస్ ఓడలో పుట్టిన డేనియల్ ట్రెమెండస్ మెకెంజీకి మాత్రం ఇచ్చారు, హోదా దగ్గర "పసిబిడ్డ" అని రాసి మరీ!

నల్లగొండ_నవీన్:
పుట్టుడుతోనే మెడల్ కొట్టిండా 😂

రమణి_గుంటూరు:
నవ్వండి. కాలింగ్‌వుడ్ కూడా తన పేరే అడిగాడు. అదే యుద్ధంలో రియర్ అడ్మిరల్ కాల్డ్‌వెల్‌కీ మెడల్ రాలేదు, ఆయన సంగతేంటి అన్నాడా?

సముద్రం_సూరి:
రమణిగారూ, 1803లో సముద్రం ఎక్కినోడు మళ్లీ పెళ్లాం పిల్లల మొహం చూడకుండా 1810లో ఓడలోనే పోయాడు, ఇంటికి పోతానని అడుగుతూనే ఉన్నా చివరి రోజులదాకా పంపలేదు. అలాంటోడు తన మెడల్ తాను అడిగితే స్వార్థమా? కాల్డ్‌వెల్‌ది కాల్డ్‌వెల్ అడుక్కోవాలి.

రమణి_గుంటూరు:
జేన్ టౌన్‌షెండ్ అడిగింది కదండీ. ఏమొచ్చింది?

లెక్కల_మాస్టారు:
అమ్మా, ఆవిడ షరతు పెట్టలేదు, రూలు ప్రకారం అప్లికేషన్ పెట్టింది. అయినా రాలేదు, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. సూరిగారూ, మీ పక్క సీటాయన నిజంగానే పని చేయలేదా?

సముద్రం_సూరి:
చేశాడు. అది వేరే విషయం.