సమస్యాపూరణం: పుల్ల నాకి పిల్ల పులకరించె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదిగో.

"పుల్ల నాకి పిల్ల పులకరించె"

ఆటవెలది చివరి పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు వచ్చే హగణం గానీ మూడు లఘువుల నగణం గానీ; లఘువంటే పొట్టి అక్షరం, గురువంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టేది), నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల పెద్ద గణాలు) రావాలి. ప్రాస నియమం లేదు, యతికి బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేసుకోవచ్చు. వేమన పుణ్యమా అని తెలుగువాళ్ళందరి చెవుల్లోనూ ఉన్న నడకే కాబట్టి కొత్తవాళ్ళు జంకక్కర్లేదు.

విషయం చిన్ననాటి తిండి. అవధానాల్లో ప్రశ్నలడిగే పృచ్ఛకులు అసందర్భంగా వినిపించే పాదం ఇచ్చి ఇరికిస్తారు కదా, ఇక్కడి ఇరకాటం ఒక్కటే: ఉత్త పుల్ల నాకితే పులకరింత ఎందుకొచ్చింది? మిగతా మూడు పాదాల్లో అది తేల్చాలి. ఒక్క విన్నపం, "ఆ రోజులే వేరు" అని మాత్రం రాయకండి. ఏం తిన్నారో, ఎక్కడ నక్కి తిన్నారో, ఎవరు తిట్టారో రాయండి.

గోదారిగట్టు:
బోణీ నాదే.

ఐసు బండి గంట యల్లంత వినబడ
పలక విసరి వైచి పరుగు దీసి
కరుగు చుక్క చుక్క గబగబా జుఱ్ఱుచు
పుల్ల నాకి పిల్ల పులకరించె

నిర్వాహకుడు:
గోదారిగట్టు గారూ, మూడో పాదం చదువుతుంటే మోచేతి దాకా కారిన ఎర్రరంగు కనిపించింది. 'గబగబా జుఱ్ఱుచు' అన్నచోట నడక కూడా ఐసు కరిగే వేగంతోనే ఉంది. రెండో పాదం మాత్రం పలచబడింది. 'విసరి' అన్నాక 'వైచి' ఎందుకు, గణం నింపడానికి తప్ప? అదీగాక అసలు సంగతి వదిలేశారు. డబ్బులెక్కడివి? ఐసు ఊరికే ఇవ్వడు కదా.

చద్దిమూట:
మా కరీంనగర్ దిక్కు పైసలు లేకపోతే ఇనప ముక్కలు, పగిలిన ప్లాస్టిక్ చెప్పులు, ఖాళీ సీసాలు ఏవిచ్చినా ఐసు ఇచ్చేవాడు. మా తమ్ముడు ఇంకా సగం సిరా ఉన్న బుడ్డి ఒంపేసి మరీ ఇచ్చొచ్చాడు, నాన్న సాయంత్రం కలంలో సిరా పోసుకుందామని వెతికితే ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు, వాడి నాలుక మాత్రం ఎర్రగా ఉంది. అందుకని రెండో పాదం ఇలా ఉంటే ఎలా ఉంటుందంటారు?

పాత బుడ్డి యొకటి పట్టుకొచ్చి

నిర్వాహకుడు:
బ్రహ్మాండం. పా, ప యతి కుదిరింది, బేరమూ కుదిరింది. ఇప్పుడు పద్యంలోకి ఐసబ్బాయి నిజంగా వచ్చాడు.

మేనత్త:
ఒక్క మాట. మా ఊళ్ళో గంట కాదు, సైకిలుకి రబ్బరు హారన్ ఉండేది. పక్క ఊళ్ళో అయితే డబ్బా మూతే టపటపా కొట్టేవాడు. పాలైసు, సేమియా ఐసు, రంగైసు. సేమియా పై కొసన మాత్రమే ఉండేది, కింద అంతా ఉత్త ఐసే, అయినా అది కొనుక్కున్నవాడిదే ఆ పూట దర్జా.

నిర్వాహకుడు:
మేనత్త గారూ, సేమియా పద్యం మీ దగ్గర్నుంచి రావలసిందే.

మేనత్త:
సేమియా తర్వాత. ముందు ఇది చూడండి.

చింతపండు నుప్పు జీలకర్ర గలిపి
బెల్లముంచి రోట మెల్ల దంచి
యమ్మ లేవకుండ నరుగుపై కూర్చుని
పుల్ల నాకి పిల్ల పులకరించె

గోదారిగట్టు:
రెండో పాదంలో బెల్ల, మెల్ల ప్రాసయతి హాయిగా పడిందండీ. కానీ రోట్లో మెల్లగా దంచడం ఎవరివల్ల అవుతుంది? మా వీధిలో మధ్యాహ్నం పూట రోకలి చప్పుడు వినబడిందంటే ఎవరింట్లో చింతపండు పోతోందో అందరికీ తెలిసిపోయేది.

మేనత్త:
రోటి అడుగున గోనెపట్టా వేస్తే చప్పుడు రాదు బాబూ. మా చెల్లెలు గుమ్మంలో కాపలా.

నిర్వాహకుడు:
గోనెపట్టాతో ఆ ఆక్షేపణ కొట్టేశాం. పదార్థాలన్నీ సరిగ్గా ఉన్నాయి, జీలకర్ర పడిందంటే చేసినవాళ్ళే రాశారని అర్థం. నా అభ్యంతరం వేరు. పుల్ల ఎక్కడిది? ముద్దని పుల్లకి గుచ్చినట్టు మూడు పాదాల్లోనూ లేదు. ముద్ద చేతిలో ఉండగా పుల్ల నాకడమేమిటని తెలియనివాళ్ళు అడుగుతారు. సమస్యలో ఉన్న ప్రతి మాటకీ పైన సమాధానం ఉండాలి.

మేనత్త:
అయితే మూడో పాదం మారుస్తున్నా.

చీపురీనె గుచ్చి చేతబట్టుక నక్కి

నిర్వాహకుడు:
చీ, చే యతి. 'నక్కి'లో అమ్మ భయం కూడా మిగిలింది. కొత్త చీపురులోంచే ఈనె లాగి ఉంటారు, ఆ దెబ్బలు వేరే పద్యం.

కొత్తకలం:
నమస్కారమండీ, ఛందస్సు ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను. గణాలు చూసి పెట్టండి.

తాత వెంట సంత తిరునాళ్ళ కేగగా
పీచు మిఠాయి కొని పిప్పి చేసి
నోటనుంచినంత నురుగులా కరుగగ
పుల్ల నాకి పిల్ల పులకరించె

నిర్వాహకుడు:
రండి రండి. మూడో పాదం నిక్షేపంగా ఉంది, నో, ను యతి సరి. పీచుమిఠాయి నోట్లో చేసే పని నురుగు అన్న ఒక్క మాటతో చెప్పేశారు.

మొదటి పాదంలో గణాలు సరే, యతి తప్పింది. తా కి తి చెల్లదు. హల్లు కలిసినా అచ్చు కలవాలి. అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. మీ 'తా' మొదటి జట్టు, 'తి' రెండోది. పైగా సంత వేరు, తిరునాళ్ళు వేరు, తాతగారు ఒక రోజున ఒక్కదానికే తీసుకెళ్ళి ఉంటారు.

రెండో పాదంలో అసలు దొంగ 'మిఠాయి'. మొదట లఘువు, వెంటనే గురువు. లఘువు పక్కన గురువుతో మొదలయ్యే సూర్యగణం లేదు కాబట్టి 'మి'ని ముందున్న గురువుకి అతికించి హగణం చేసుకోవాలి. 'పిప్పి చేసి' కూడా కుదరదు, పీచుమిఠాయికి పిప్పి ఎక్కడ, అది చెరుకుగడ కాదు కదా. కరిగిపోతుందని మూడో పాదంలో మీరే అన్నారు.

కొత్తకలం:
తిరగరాశాను.

తాత వెంట నాడు తరలి తీర్థమునకు
నెఱ్ఱనౌ మిఠాయి యెగిరి పట్టి
నోటనుంచినంత నురుగులా కరుగగ
పుల్ల నాకి పిల్ల పులకరించె

నిర్వాహకుడు:
భేష్. 'నౌ'కి 'మి' అతుక్కుని 'ఎఱ్ఱ నౌమి ఠాయి' అని మూడు హగణాలయ్యాయి. 'యెగిరి పట్టి' నాకు మరీ నచ్చింది, ఆ చక్రం బండివాడు పుల్ల పైకెత్తి ఇవ్వడం, పిల్ల మునివేళ్ళ మీద లేవడం రెండూ అందులో ఉన్నాయి. జాతరని తీర్థం అన్నారంటే మీది కోనసీమ వైపా?

కొత్తకలం:
అవునండీ. మా అమ్మమ్మగారి ఊరు.

బెల్లందిమ్మ:
మాది అనకాపల్లి దగ్గర. ఐసూ చింతపండూ ఎవరైనా రాస్తారు, ఇది మా ఊళ్ళవాళ్ళే రాయాలి.

చెఱకు పాలు మరుగ జిగురు పాకము నందు
తాత ముంచి యిచ్చె తడిక పుల్ల
ఊదుకొనుచు నాల్క యొక్కింత కాలినన్
పుల్ల నాకి పిల్ల పులకరించె

నిర్వాహకుడు:
ఈ వారం నన్ను కదలకుండా కూర్చోబెట్టిన పద్యం ఇది. కారణం ఒక్క మాట, 'తడిక పుల్ల'. చెంచా కాదు, కొని తెచ్చిన పుల్ల కాదు, పక్కనున్న తడికలోంచి లాగిన పుల్ల. ఆ మాటతో గానుగ పాక, దాని పక్కన తడిక, తడికలోకి చెయ్యి పెట్టిన తాత, అన్నీ వచ్చేశాయి. యతులు చె, జి, తా, త, ఊ, ఒ. అన్నీ సరి. ఆ పాకం సంగతి మాకు ఇంకాస్త చెప్పండి, పద్యంలో పట్టనిది.

బెల్లందిమ్మ:
సంక్రాంతి రోజుల్లో గానుగ ఆడేవాళ్ళండీ. రసం పెద్ద పెనంలో పోసి, కింద ఎండిన చెరుకు పిప్పే మంటగా వేసేవాళ్ళు. రసం కాగుతుంటే కాస్త సున్నపు తేట వేస్తారు, మడ్డంతా నల్లటి నురగై పైకి తేలుతుంది, దాన్ని జల్లి గరిటెతో తీసేస్తారు. తర్వాత బుడగలు పెద్దవై, చప్పుడు మారి, వాసన మొత్తం పొలం మీదికి వెళ్ళిపోతుంది. చల్లటి నీళ్ళలో కాస్త పాకం వేసి చూస్తే ఉండ కట్టాలి, అప్పుడే దించడం. మేం సరిగ్గా ఆ ఉండ కోసమే కాచుకునేవాళ్ళం. పనివాళ్ళు పొమ్మని అరిచేవాళ్ళు, తాత మాత్రం అటు తిరిగి చూడనట్టే ఉండి, వెనక్కి చెయ్యి చాపి పుల్ల అందించేవాడు.

చద్దిమూట:
బెల్లం పాకం దించేసరికి 115 డిగ్రీలు దాటుతుంది, అంటే మరిగే నీళ్ళ కంటే ఎక్కువ వేడి. అలాంటప్పుడు 'ఒక్కింత' కాలిందనడం తక్కువ చేసి చెప్పినట్టు కాదూ?

బెల్లందిమ్మ:
నాలుక కాలిందంటే ఇంట్లో మళ్ళీ పంపరు. అందుకని ఒక్కింతే కాలింది.

నిర్వాహకుడు:
ఆ జవాబు విన్నాక 'ఒక్కింత' ముట్టుకోను. పిల్ల అబద్ధం ఆ మాటలో ఉంది.

సాహితీప్రియ:
నా పూరణ.

మధుర బాల్యమందు మరపురానివి యెన్నొ
తలచుకొన్న నేడు తనువు పొంగు
ఆ దినములు మరల నందునా యెన్నడున్
పుల్ల నాకి పిల్ల పులకరించె

నిర్వాహకుడు:
గణాల్లో గానీ యతిలో గానీ వేలు పెట్టడానికి సందు లేదు. అయినా సరే, ఈ పద్యాన్ని నేను ఒప్పుకోలేను, ఎందుకంటే ఇందులో తినడానికి ఏమీ లేదు. మూడు పాదాలు తీసేసి పెళ్ళి గురించి పెట్టినా, బడి గురించి పెట్టినా, ఊరు వదిలి వెళ్ళడం గురించి పెట్టినా ఇలాగే నడుస్తుంది. నాలుగో పాదం వచ్చేసరికి పుల్ల ఎవరిదో, పిల్ల ఎవరో తెలియదు. మీకు చెయ్యి తిరిగింది, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏం నాకారు?

సాహితీప్రియ:
అమ్మమ్మ వెన్న చిలికిన కవ్వం.

వెన్న తీసి యవ్వ వెడలు వేళను జూచి
కవ్వమునకు నంటు కాస్త వెన్న
మూతి కంటుకొనగ ముసిముసి నవ్వుతో
పుల్ల నాకి పిల్ల పులకరించె

గోదారిగట్టు:
కవ్వాన్ని పుల్ల అనడం కాస్త ఇబ్బందిగా ఉందండీ. మా ఇంట్లో కవ్వం నా ఎత్తుండేది, తాడు కట్టి ఇద్దరు లాగేవాళ్ళు.

నిర్వాహకుడు:
ఇబ్బందే, కాదనను. పెద్ద కవ్వమైతే అది కర్రే. అయినా ముందరి మచ్చలేని పద్యం కంటే ఈ మచ్చ ఉన్నదే నాకు కావాలి. అవ్వ అటు వెళ్ళడం, కాస్త వెన్న, మూతి. పిల్ల ఇప్పుడు కంటి ఎదుట ఉంది.

తాటాకుపందిరి:
పిల్ల అంటే ఆడపిల్లే అని ఎవరన్నారు?

తినగ మిగిలినట్టి తీపి పుల్లను వేయ
మాకు దెలియకుండ మాటు వేసి
గంతులేసి వచ్చి కట్టు తెంచిన మేక
పుల్ల నాకి పిల్ల పులకరించె

చద్దిమూట:
నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది అన్నా. కానీ మేకకీ పిల్లకీ మధ్య పుల్ల అడ్డొచ్చింది.

నిర్వాహకుడు:
చద్దిమూట గారు సరిగ్గా పట్టుకున్నారు, దూరాన్వయం. మేకపిల్ల అని అన్వయించుకోవాలంటే 'పుల్ల నాకి'ని దాటి దూకాలి. ఊహ మాత్రం అసలైన సమస్యాపూరణానికి తగినది, అందరూ పుల్ల మీద పడితే మీరు పిల్లని మార్చారు. మేకని వేరుగా, పిల్లని వేరుగా చేయగలరా?

తాటాకుపందిరి:
మేక గంతులేసి మెడతాడు తెంపగా

నిర్వాహకుడు:
అయిపోయింది! తల్లి మేక తాడు తెంపుకుంటే ఇంటిల్లిపాదీ దాని వెనక పరిగెత్తారు, ఇక్కడ పిల్ల నిమ్మళంగా ఐసు పుల్ల నాకుతోంది. ఒక్క పాదం మారితే దోషం పోవడమే కాదు, కథ కూడా రెండింతలయింది. మే, మె యతి, మూడు హగణాలు, ఆపై సలము, రగణము అనే ఇంద్రగణాలు.

వచ్చే వారానికి తేటగీతి పాదం ఇస్తున్నాను.

"ఆవకాయను జూచి తా నలిగె నమ్మ"

మేనత్త:
జాడీలో తడి గరిటె పెట్టిందెవరో చెప్పమనండి ముందు.